బయటి జట్లు వచ్చాక మన మేస్త్రీ ఏం చేయాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం చేతిపనివాళ్ళవే. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బిహార్, బెంగాల్, ఒడిశాల నుంచి వచ్చే జట్లతో పోటీ గురించే దాదాపు అందరూ అడిగారు. ఇంటీరియర్ పనులు, టైల్స్ పని, కార్మిక చట్టాలు తెలిసినవాళ్ళం కలిసి కూర్చుని ఈ జవాబులు రాశాం.

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. తాతల నాటి నుంచి వడ్రంగమే. ద్వారబంధాలు, తలుపులు, మంచాలు చేసి బతికాం. ఇప్పుడు మా ఊళ్ళో కట్టే ఇళ్ళలో కూడా కబోర్డులు, కిచెన్, టీవీ యూనిట్ పనులన్నీ రాజస్థాన్, గోరఖ్‌పూర్ జట్లకే పోతున్నాయి. అడుగుకు మాకంటే తక్కువ చెబుతున్నారు. మేమూ రేటు తగ్గించాలా? లేక ఈ పనే మానేయాలా?

రెండూ వద్దు. మీకు తగిలినవి రెండు దెబ్బలు, వాటిని కలిపి చూడకండి. ద్వారబంధాల పని పట్టుకుపోయింది బయటి వడ్రంగి కాదు. టేకు ధర, డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే) ఫ్రేములు, రెడీమేడ్ ఫ్లష్ డోర్లు, యూపీవీసీ కిటికీలు కలిసి ఆ పనిని తినేశాయి. సింహద్వారం, పూజగది తప్ప ఆ పని మళ్ళీ పాత స్థాయికి వస్తుందని మేం అనుకోవడం లేదు. రెండోది ప్లైవుడ్ పని. అది ఊరూరా పెరుగుతోంది, అందులో మీకు చోటుంది.

వాళ్ళు తక్కువకు ఎలా చేయగలుగుతున్నారో లెక్క వేసి చూడండి. అంకెలు ఉదాహరణకే. మీరు, మీ హెల్పర్ కలిసి రోజుకు 1,800 రూపాయలు అనుకుందాం. ఇద్దరూ రోజుకు ఆరు చదరపు అడుగుల కబోర్డు పూర్తి చేస్తే అడుగుకు 300 పడుతుంది. అయిదుగురి జట్టుకు రోజుకు 4,500 అనుకుంటే, మనిషికి 900 చొప్పున కూలీ మీతో సమానమే. కానీ వాళ్ళు రోజుకు 20 అడుగులు తీస్తే అడుగుకు 225 పడుతుంది. తేడా కూలీలో లేదు, రోజుకు ఎన్ని అడుగులు తెగుతున్నాయన్న దాంట్లో ఉంది. వాళ్ళు సైట్లోనే వండుకుని అక్కడే పడుకుంటారు, పొద్దున ఎనిమిదికే మిషన్ మోగుతుంది. ఒకడు కోస్తాడు, ఒకడు సన్‌మైక అంటిస్తాడు, మిగతావాళ్ళు బిగిస్తారు. మీ ఇద్దరూ మాత్రం కొలత నుంచి ఆఖరి స్క్రూ దాకా అన్నీ చేయాలి. మధ్యలో హింజ్‌లు తేవడానికి ఒకరు బజారుకు వెళ్తే సగం పూట పోయినట్టే.

వాళ్ళలా పదకొండు గంటలు పని చేయమని మేం చెప్పం. సైట్లో కోత తగ్గించుకోండి, అది చాలు. ఇప్పుడు చాలా పట్టణాల్లో ప్యానెల్ సా, ఎడ్జ్ బ్యాండింగ్ మిషన్ పెట్టుకున్న షాపులున్నాయి. కటింగ్ లిస్ట్ ఇస్తే ముక్కలు కోసి, అంచులకు పట్టీ వేసి ఇస్తారు. సైట్లో మీకు బిగింపు పని మాత్రమే మిగులుతుంది.

కటింగ్ లిస్ట్ ఎలా రాయాలో ఒక వార్డ్‌రోబ్‌తో చూపిస్తాం. ఎత్తు 7 అడుగులు, వెడల్పు 6, లోతు 2. పక్క పలకలు రెండు: 7×2 చొప్పున 28 చదరపు అడుగులు. మధ్య పలక 14. పైన, కింద కలిపి 24. అరలు ఆరు, ఒక్కోటి 3×2, మొత్తం 36. తలుపులు 42. అన్నీ కలిపితే 18 ఎంఎం ప్లై 144 చదరపు అడుగులు. 8×4 షీటు 32 అడుగులు కాబట్టి నాలుగున్నర షీట్లు, వృథా పది శాతం కలిపితే అయిదు. వెనక పలకకు 6 ఎంఎం ప్లై 42 అడుగులు వేరేగా. తలుపులు నాలుగు, ఒక్కోటి అడుగున్నర వెడల్పు. ఏడడుగుల తలుపుకు నాలుగు హింజ్‌లు తప్పనిసరి, అద్దం బిగిస్తే అయిదు. అంటే కనీసం పదహారు. ఈ కాగితం ముందే రాసుకుంటే బజారుకు ఒక్కసారి వెళ్ళి వస్తే సరిపోతుంది. లిస్టులో పలకల మందం తీసివేయడం మరిచిపోవద్దు. రెండు పక్కల మధ్య దూరేవాటిని 36 ఎంఎం తగ్గించి రాయాలి. కొత్తగా లిస్టు రాసేవాళ్ళకు ఎక్కువగా దెబ్బ తగిలేది ఇక్కడే.

చెక్కలో చేయి తిరిగినవాళ్ళు ప్లై పనిలో తడబడే చోట్లు మరికొన్ని ఉన్నాయి. తలుపుకు బయటివైపే సన్‌మైక వేసి లోపల వదిలేస్తే నెల తిరక్కుండా తలుపు విల్లులా వంగుతుంది. బయట 1 ఎంఎం వేస్తే లోపల 0.8 అయినా వేయాలి, రెండూ ఒకే రోజు అంటించాలి. గమ్ పూసి నాలుగు మేకులు కొట్టి వదలొద్దు, సమంగా బరువు పెట్టి రాత్రంతా ఉంచాలి. హింజ్ గిన్నెకు 35 ఎంఎం బిట్టుతో 12, 13 ఎంఎం లోతు చాలు. బిట్టుకు స్టాపర్ లేకపోతే 18 ఎంఎం ప్లైలో ముందువైపు సన్‌మైక ఉబ్బిపోతుంది. టెలిస్కోపిక్ చానల్ సొరుగుకు లోపలి వెడల్పులోంచి 26 ఎంఎం తీసేయాలి, పక్కకు 13 చొప్పున. పెట్టె మూలమట్టం తప్పితే ఎంత ఖరీదైన చానలైనా పట్టేస్తుంది. బిగించే ముందు టేపుతో రెండు కర్ణాలూ (మూల నుంచి ఎదురు మూలకు) కొలవండి, రెండూ సమానంగా రావాలి.

ఇక మీ బలం గురించి. వానాకాలంలో తలుపు ఉబ్బినా, మూడు నెలలకు హింజ్ వదులైనా రావాల్సిన మనిషి మీరే. బయటి జట్టు అప్పటికి వేరే జిల్లాలో ఉంటుంది. ఈ మాట నోటితో చెబితే విలువ లేదు, కొటేషన్‌లో రాయండి: ప్లై ఏ గ్రేడు (తేమను తట్టుకునే ఐఎస్ 303 బీడబ్ల్యూఆర్‌నా, కిచెన్‌కు ఐఎస్ 710 మెరైన్ ప్లైనా), సన్‌మైక ఎన్ని ఎంఎం, హింజ్ ఏ కంపెనీ, రేటులో ఏవి కలవవు, డబ్బు ఏ దశలో ఎంత, ఏడాదిలో రెండుసార్లు వచ్చి అడ్జస్ట్ చేయడం. ఇద్దరు యజమానుల్లో ఒకరైనా ఈ కాగితం చూసి అడుగుకు పాతిక ఎక్కువ ఇస్తారు. ఇవ్వని రెండో యజమాని కోసం రేటు తగ్గించుకోకండి.

హోలీకి, దీపావళి నుంచి ఛఠ్ పూజ వరకు ఉత్తరాది జట్లు చాలావరకు ఊళ్ళకు వెళ్తాయి. సగంలో ఆగిన పనులు ఆ వారాల్లో దొరుకుతాయి. పక్కవాడు వదిలిన పని తీసుకునేటప్పుడు అప్పటివరకు జరిగినదాన్ని ఫోటోలు తీసి, యజమానితో కలిసి కొలిచి రాసుకోండి. లేకపోతే వాళ్ళ తప్పులు మీ మెడకు చుట్టుకుంటాయి.

పనిముట్లకు పీఎం విశ్వకర్మ పథకం ఉంది. 2023 సెప్టెంబర్ 17న మొదలైంది. వడ్రంగి, తాపీమేస్త్రీతో సహా 18 వృత్తులకు వర్తిస్తుంది. శిక్షణ రోజుకు 500 స్టైపెండ్, పనిముట్లకు 15,000 రూపాయల ఈ-వోచర్, అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షల వరకు రుణం. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. సీఎస్‌సీ (కామన్ సర్వీస్ సెంటర్)లో ఆధార్, బ్యాంకు వివరాలు, ఆధార్‌కు లింకైన ఫోనుతో నమోదు చేస్తారు, తర్వాత పంచాయతీ స్థాయిలో పరిశీలన ఉంటుంది. వోచర్‌తో ఉలి, సుత్తి మళ్ళీ కొనకండి. ట్రిమ్మర్ (సన్‌మైక అంచులు సరిచేసే మిషన్), హింజ్ బిట్టు, ఎక్కువ పళ్ళున్న టీసీటీ (కార్బైడ్ పళ్ళ) బ్లేడు కొనండి. సన్‌మైక అంచు పెచ్చులు లేవకుండా తెగాలంటే పది అంగుళాల బ్లేడుకు 60 నుంచి 80 పళ్ళుండాలి.

ప్రశ్న: ఖమ్మంలో తాపీమేస్త్రీని. గోడలు, ప్లాస్టరింగ్ మా పని, టైల్స్ కూడా వేస్తాను. 2×2 అడుగుల వరకు ఇబ్బంది లేదు. 2×4 టైల్స్ వేస్తే డొల్ల శబ్దం వస్తోందని, మూలలు లేస్తున్నాయని యజమానులు రాజస్థాన్ వాళ్ళను పిలుస్తున్నారు. మాకు రానిది, వాళ్ళకు వచ్చినది ఏమిటి?

పెద్ద రహస్యమేమీ లేదు, పద్ధతి మారింది, అంతే. విట్రిఫైడ్ టైల్ నీళ్ళు పీల్చదు, దాని పీల్చుడు అర శాతంలోపే. పాత సిరామిక్ టైల్, షాబాదు బండ సిమెంటు పాలు పీల్చుకుని పట్టుకునేవి. దీని వెనక సిమెంటు పాలు ఎండి పొడిగా విడిపోతాయి. మాలు మీద సిమెంటు పొడి చల్లి టైల్ పరిచే అలవాటు ఉంటే 2×4కు దాన్ని మానేసి టైల్ అడెసివ్ (గమ్) వాడాలి.

ముందు నేల. ఆరడుగుల అల్యూమినియం బద్ద వేసి చూడండి. కింద 3 ఎంఎం కంటే ఎక్కువ సందు కనిపిస్తే ముందే సరిచేయండి, కనీసం వారం ఆరనివ్వండి. ఎత్తుపల్లాలను గమ్‌తో నింపుదాం అనుకుంటే గమ్ ఖర్చు రెట్టింపవుతుంది, ఎండేటప్పుడు కుంగుతుంది కూడా. టైల్ వెనక తెల్లటి పొడి ఉంటుంది, బట్టీలో అంటుకోకుండా పూసేది. తడి గుడ్డతో దాన్ని తుడవాలి. చాలామంది తుడవరు. టైల్ ఊడి వచ్చినప్పుడు గమ్ నేలకే అంటుకుని, టైల్ వెనక నున్నగా కనిపిస్తే కారణం ఈ పొడే.

20 కిలోల టైల్ అడెసివ్ బస్తాకు అయిదు లీటర్ల చుట్టుపక్కల నీళ్ళు పడతాయి, బస్తా మీద ఉన్న కొలతే ఖాయం. బకెట్‌లో ముందు నీళ్ళు, తర్వాత పొడి. కలిపాక అయిదు నిమిషాలు వదిలి మళ్ళీ కలపాలి. గట్టిపడ్డాక నీళ్ళు పోసి మెత్తబరిస్తే బలం పోతుంది, ఆ గమ్ పారేయండి. నేల మీద 10 ఎంఎం పళ్ళ తాపీతో ఒకే దిశలో గీతలు లాగాలి. టైల్ వెనక కూడా చదునువైపుతో పలచగా పూయాలి. అయిదు ముద్దలు పెట్టి టైల్ నొక్కే పద్ధతి వల్లే డొల్ల వస్తుంది. ముద్దల మధ్య గాలి మిగులుతుంది, బీరువా కాలు అక్కడ పడితే మూల విరుగుతుంది. పరిచిన గమ్ మీద 20 నిమిషాల్లోపే టైల్ పడాలి. ఎండాకాలంలో ఖమ్మంలో అంత సమయం కూడా ఉండదు, వేలితో తాకితే అంటుకుంటోందా లేదా చూసుకోండి. పది టైల్స్‌కు ఒకటి ఎత్తి వెనక చూడండి. ఎక్కడైనా ఖాళీ ఉంటే గీతలు పలచగా పడుతున్నట్టు.

రెండడుగుల కంటే పొడవైన టైల్ మధ్యలో కాస్త ఉబ్బి ఉండడం మామూలే. కాబట్టి ఇటుక వరసలా సగానికి సగం జరిపి వేయొద్దు, మూడో వంతు మించకుండా జరపండి, లేదా నేరుగా వేయండి. లెవలింగ్ క్లిప్పులు, వెడ్జిలు వాడండి. మర్నాడు జాయింట్ పొడవునే తట్టి వాటిని తీయాలి, అడ్డంగా తడితే టైల్ అంచు లేస్తుంది. జాయింటు కనీసం 2 ఎంఎం ఉండాలి. "జీరో జాయింట్" అడిగే యజమానికి ఏప్రిల్, మే నెలల్లో టైల్స్ పైకి లేచి గుడారంలా నిలబడిన ఫోటో చూపించండి. గోడల దగ్గర 5 నుంచి 8 ఎంఎం వదిలితే స్కర్టింగ్ కింద కనిపించదు. పెద్ద హాల్లో 20, 25 అడుగులకోసారి సిలికాన్ నింపిన కదలిక జాయింటు వేయాలి.

రేటు దగ్గర ఒక మాట. 3 ఎంఎం మందాన అయితే బస్తా దాదాపు 50 చదరపు అడుగులకు వస్తుంది. పై పద్ధతిలో రెండువైపులా పూస్తే 25, 30 అడుగులకే అయిపోతుంది. కంపెనీ బ్రోచర్‌లో ఉన్న అంకె పట్టుకుని మెటీరియల్‌తో సహా గుత్త ఒప్పుకుంటే నష్టపోతారు. లేబర్ మాత్రం ఒప్పుకుని, గమ్ యజమానిచేత కొనిపించండి. మొదటి గది పూర్తయ్యాక యజమాని ముందే రూపాయి బిళ్ళతో తట్టి చూపిస్తే ఆ ఇంటి మిగతా గదులు ఎవరికి వెళ్తాయో మీకు తెలుసు.

హైదరాబాద్ కొత్తగూడలో ఉన్న నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ తాపీ, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ లాంటి పనుల్లో శిక్షణ ఇస్తుంది. జట్టులో కుర్రవాడిని అక్కడికి పంపడం మంచి పని.

ప్రశ్న: మా పట్టణ భవన నిర్మాణ కార్మిక సంఘం తరఫున రాస్తున్నాను. బయటి రాష్ట్రాల వాళ్ళకు పని ఇవ్వకూడదని, ఇచ్చిన బిల్డర్ సైట్లో మేం పని చేయమని తీర్మానం చేద్దామనుకుంటున్నాం. చట్టం ఏమంటుంది?

దేశంలో ఎక్కడైనా తిరిగే హక్కు, నివసించే హక్కు, వృత్తి చేసుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ప్రతి పౌరుడికీ ఇచ్చింది. వాళ్ళను సైట్లోంచి తరిమితే, బెదిరిస్తే కేసు మీ మీదే పడుతుంది. 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చిన చట్టం పరిశ్రమలు, ఫ్యాక్టరీల గురించి, ఇంటి సైట్ల గురించి కాదు. హర్యానా చేసిన అలాంటి చట్టాన్ని పంజాబ్–హర్యానా హైకోర్టు 2023 నవంబర్‌లో కొట్టివేసింది.

చట్టం పక్కన పెట్టినా ఈ తీర్మానం వద్దంటాం. పాలమూరు మనుషులు ఒకప్పుడు దేశమంతా తట్టలు మోశారు, శ్రీకాకుళం వాళ్ళు ఇప్పటికీ చెన్నైలో రాడ్ కడుతున్నారు, జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళు గల్ఫ్‌లో ఉన్నారు. అక్కడి సంఘాలు మన మీద ఇదే తీర్మానం చేస్తే ఏమంటాం? 2020 మే 1న, లాక్‌డౌన్‌లో చిక్కుకున్న వలస కార్మికుల కోసం దేశంలో మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. వాళ్ళు వెళ్ళిపోయాక ఇక్కడ ఎన్ని సైట్లు ఆగిపోయాయో మీ సభ్యులే చూశారు.

మీ కోపానికి అసలు కారణం ఉన్న చోట పట్టుకోండి. ఒక మేస్త్రీ బయటి మనిషిని కనీస వేతనం కంటే తక్కువకు, ఓవర్‌టైమ్ లేకుండా పన్నెండు గంటలు పని చేయిస్తే, మీ రేటు పడిపోయేది అందువల్ల. చట్టం చెప్పిన పని గంటలు దాటిన పనికి రెట్టింపు కూలీ ఇవ్వాలి. ఒకే పనికి కనీస వేతనం అందరికీ ఒకటే, ఏ రాష్ట్రంవాడని చూడదు. తీర్మానం ఇలా రాయండి: ఈ పట్టణంలో ఏ సైట్లో ఎవరు పని చేసినా ఇంతకు తగ్గదు, ఇన్ని గంటలకు మించదు. బయటి కార్మికులను కూడా సంఘంలో చేర్చుకోండి. చందా రసీదు, నోటీసు హిందీలో కూడా వేయండి. వాళ్ళ కూలీ పెరిగితే మీతో రేటు పోటీ దానంతటదే తగ్గుతుంది. కనీస వేతనం ఎగ్గొట్టిన సైటు వివరాలు హాజరు పుస్తకం, ఫోటోలు, కార్మికుల సంతకాలతో అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కు రాసి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

ప్రశ్న: గుంటూరు జిల్లాలో సెంట్రింగ్ కాంట్రాక్టు చేస్తాను. మనవాళ్ళు దొరక్క ఒడిశా నుంచి ఆరుగురిని తెచ్చుకున్నాను. నా మీద ఉండే బాధ్యతలేమిటి?

పని ఇచ్చినవారు మీరు కాబట్టి ప్రమాదం జరిగితే పరిహారం అడిగేది మిమ్మల్నే. ఆరుగురి ఆధార్, ఇంటి ఫోన్ నంబరు, వచ్చిన తేదీ ఒక పుస్తకంలో రాయండి. జీతం బ్యాంకులో వేయండి. అడ్వాన్సు తీసుకుని వచ్చినవాళ్ళయితే నెలకు ఎంత కోస్తున్నారో వాళ్ళ ఎదుటే రాసి సంతకం తీసుకోండి. అడ్వాన్సు తీరలేదని ఎవరినీ ఇంటికి వెళ్ళకుండా ఆపకూడదు, అది వెట్టిచాకిరీ నేరం కిందికి వస్తుంది. 18 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉండి, గత ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు, ఏ రాష్ట్రం వారైనా సరే. ఆ 90 రోజుల ధ్రువీకరణ మీరు ఇవ్వాలి. రేషన్ కార్డుంటే వన్ నేషన్ వన్ రేషన్ కింద బియ్యం ఇక్కడే తీసుకోవచ్చని చెప్పండి, చాలామందికి తెలియదు. సెంట్రింగ్‌లో పడిపోయే ప్రమాదమే ఎక్కువ. హెల్మెట్, సేఫ్టీ బెల్టు మాత్రం ఖర్చు చూసుకుని వాయిదా వేయొద్దు. ప్రాప్‌లు (స్లాబు కింద పెట్టిన ఊతాలు) ఎప్పుడు తీయాలో వాళ్ళకు అర్థమయ్యే భాషలో చెప్పించండి.

ప్రశ్న: ఇల్లు కడుతున్నాం. తెలుగు మేస్త్రీకి ఇవ్వాలా, బయటి జట్టుకా?

ఊరు చూసి కాదు, చేసిన పని చూసి ఇవ్వండి. ఏడాది క్రితం చేసిన ఒక ఇంటికి తీసుకెళ్ళమనండి. బాత్రూమ్ మూలలు, వార్డ్‌రోబ్ సొరుగులు చూడండి. ఎవరికిచ్చినా పది శాతం డబ్బు ఆఖర్న ఉంచి, నెల తర్వాత ఇచ్చేలా రాసుకోండి. రెండు కొటేషన్ల మధ్య తేడా పాతిక శాతం మించితే తక్కువ చెప్పినవారి దగ్గర ప్లై మందం, గ్రేడు, హింజ్ పేరు రాయించుకోండి. తేడా ఎక్కడుందో అక్కడే బయటపడుతుంది.

ప్రశ్న: జగిత్యాల నుంచి రాస్తున్నాను. అబ్బాయి పది పాసయ్యాడు, నా దగ్గర టైల్స్ పని నేర్చుకున్నాడు. ఇక్కడ పోటీ ఎక్కువైందని దుబాయి వెళ్తానంటున్నాడు. పంపమంటారా?

అక్కడ పోటీ ఇంకా ఎక్కువ. పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్ వాళ్ళతో పాటు మన బిహార్ వాళ్ళే అక్కడా ఉంటారు. అయినా వెళ్ళాలనుకుంటే విజిట్ వీసాతో మాత్రం పంపకండి. లైసెన్సున్న ఏజెంటా కాదా ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. ఏజెంటు తీసుకోగలిగిన సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ. లక్షన్నర అడిగితే అక్కడే ఆగండి. పది పాసయ్యాడు కాబట్టి పాస్‌పోర్టు ఈసీఎన్ఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అక్కర్లేనిది) వస్తుంది, అందువల్ల కాంట్రాక్టును ప్రభుత్వం ముందుగా చూడదు, మీరే చూసుకోవాలి. అందులో "హెల్పర్" అని ఉందా, "టైల్ మేసన్" అని ఉందా చదవండి, జీతం ఆ మాటను బట్టే ఉంటుంది. పది లక్షల కవరేజి ఉండే ప్రవాసీ భారతీయ బీమా యోజన రెండేళ్ళకు 275 రూపాయలే, అది మీ అబ్బాయికి కుదురుతుందేమో అడిగి చూడండి.

మా సలహా అడిగితే, ముందు ఒక ఏడాది హైదరాబాద్‌లో పెద్ద సైజు టైల్స్ వేసే జట్టులో చేర్చండి, అది ఏ రాష్ట్రం జట్టైనా ఫర్వాలేదు. హిందీ వస్తుంది, ఎపాక్సీ గ్రౌట్ (జాయింట్లు నింపే రెసిన్), మైటర్ కటింగ్ (మూలల్లో టైల్ అంచును ఏటవాలుగా కోయడం) వస్తాయి. తర్వాత వెళ్ళినా హెల్పర్‌గా వెళ్ళడు.